ఒకే టాంజిరో.. నాలుగు బాక్సులు, నాలుగు రేట్లు! అనిమే ఫిగర్ కొనేముందు ఏ కంపెనీ ఏం చేస్తుందో చూడండి

డీమన్ స్లేయర్ ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ 2025 సెప్టెంబర్‌లో మన థియేటర్లలో తెలుగులో కూడా ఆడింది. జుజుత్సు కైసెన్, సోలో లెవెలింగ్ లాంటి సిరీస్‌లు కూడా ఇప్పుడు తెలుగు డబ్బింగ్‌లో దొరుకుతున్నాయి. సినిమా చూసొచ్చాక చాలామంది ఫ్యాన్స్ చేసే మొదటి పని.. ఫోన్ తీసి ‘టాంజిరో ఫిగర్’ అని సెర్చ్ కొట్టడం. తికమక అక్కడే మొదలవుతుంది. అదే గళ్ల కోటు, అదే కత్తి, అదే చెవిపోగులు. కానీ ఒకటి వందల్లో ఉంటుంది, ఇంకోటి వేలల్లో ఉంటుంది. బాక్స్ మీద ఒకచోట బాన్‌ప్రెస్టో, ఒకచోట గుడ్ స్మైల్, ఇంకోచోట ఫంకో. కొన్నింటి మీదైతే అసలు పేరే ఉండదు.

ఏ కంపెనీ బెస్ట్ అని అడిగితే ఎవరూ ఒక్క ముక్కలో చెప్పలేరు. ఎందుకంటే ఈ కంపెనీలన్నీ ఒకే వస్తువు అమ్మడం లేదు. ఒకరు కదలికను అమ్ముతారు, ఒకరు ముఖాన్ని అమ్ముతారు, ఒకరు తక్కువ ధరను అమ్ముతారు. మీకు కావాల్సింది ఏంటో ముందు తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం నకిలీల గొడవ. దాని గురించి కిందికి వచ్చాక వివరంగా మాట్లాడుకుందాం.

బొమ్మ కదలాలా? నిలబడితే చాలా?

మన దగ్గర అన్నింటినీ ‘యాక్షన్ ఫిగర్’ అనే పిలుస్తారు. ఆన్‌లైన్ సెల్లర్లు కూడా అదే రాస్తారు. నిజానికి యాక్షన్ ఫిగర్ అంటే భుజాలు, మోచేతులు, మోకాళ్ల దగ్గర కీళ్లు ఉండి, పోజు మార్చుకునే వీలున్న బొమ్మ మాత్రమే. కీళ్లు లేకుండా ఒకే పోజులో ఉండిపోయేది స్టాచ్యూ. జపాన్ వాళ్లు సైజును బట్టి కొన్నింటిని ‘స్కేల్ ఫిగర్’ అంటారు. 1/7 అని ఉంటే, క్యారెక్టర్ అసలు ఎత్తులో ఏడో వంతు అన్నమాట.

ఈ తేడా తెలియక డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. కమెహమెహా పోజు పెట్టి ఫోటోలు తీద్దామని గోకూను ఆర్డర్ చేస్తే, చేతులు కట్టుకుని నిలబడ్డ స్టాచ్యూ వస్తుంది. అది ఒరిజినలే కావచ్చు. మీకు కావాల్సింది మాత్రం కాదు. అందుకే లిస్టింగ్‌లో ఉన్న పేరు కాకుండా ఫోటోలో మోచేయి, మోకాలు చూడండి. కీలు గీత కనిపిస్తే కదులుతుంది, లేకపోతే లేదు.

బందాయ్: ఫైటింగ్ పోజులకు పెట్టింది పేరు

బందాయ్ 1950 నుంచి ఉన్న జపాన్ బొమ్మల కంపెనీ. 2005లో నామ్‌కోతో కలిసి బందాయ్ నామ్‌కో గ్రూప్ అయింది. పెద్దవాళ్లు కొనుక్కునే కలెక్టబుల్స్ కోసం 2018లో ‘బందాయ్ స్పిరిట్స్’ అని వేరే కంపెనీ పెట్టారు. బాక్స్ మీద ‘తమాషి నేషన్స్’ అని కనిపించేది వీళ్ల బ్రాండే. తమాషి అంటే జపనీస్‌లో ఆత్మ అని అర్థం. మన తమాషాకీ దానికీ ఏ సంబంధం లేదు!

వీళ్ల స్టార్ ప్రొడక్ట్ ఎస్.హెచ్. ఫిగార్ట్స్. 2008లో కామెన్ రైడర్‌తో మొదలై, డ్రాగన్ బాల్‌తో ప్రపంచమంతా పాకింది. ఎత్తు సుమారు 15 సెం.మీ. ఒంట్లో ఎక్కడ వంగాలో అక్కడ వంగుతుంది. గోకూ అయితే మామూలు ముఖం, అరిచే ముఖం, పళ్లు బిగించిన ముఖం, రకరకాల చేతులు బాక్స్‌లోనే వస్తాయి. జపాన్‌లో లిస్ట్ ప్రైస్ చాలావరకు 6,000 నుంచి 9,000 యెన్ మధ్య ఉంటుంది. 100 యెన్ అంటే మన లెక్కలో 50 నుంచి 60 రూపాయలు వేసుకోండి. అంటే అక్కడే మూడు వేల పైమాట.

డ్రాగన్ బాల్, వన్ పీస్ బొమ్మల్లో బందాయ్ గ్రూప్‌దే పైచేయి. పోర్ట్రెయిట్ ఆఫ్ పైరేట్స్ పేరుతో 2004 నుంచి వన్ పీస్ స్టాచ్యూలు చేస్తున్న మెగాహౌస్ కూడా ఈ గ్రూప్‌దే. టేబుల్ మీద కూర్చుని మీ వైపు తలెత్తి చూసే ‘లుక్ అప్’ బొమ్మలు కూడా వాళ్లవే. ఆఫీస్ మానిటర్ కింద పెట్టుకోవడానికి వీటిని మించింది లేదు.

ఫిగార్ట్స్‌తో చిక్కు ఒకటుంది. గాల్లో ఎగిరే పోజు పెట్టాలంటే స్టాండ్ కావాలి. ఆ స్టాండ్‌ను చాలాసార్లు విడిగా కొనాల్సిందే. కొన్ని వెర్షన్లు బందాయ్ సొంత ఆన్‌లైన్ స్టోర్‌లోనే వస్తాయి, అక్కడ అయిపోతే రీసేల్‌లో రేటు చుక్కలు చూపిస్తుంది.

గుడ్ స్మైల్: పెద్ద తల, మార్చుకునే ముఖం

గుడ్ స్మైల్ కంపెనీని 2001లో అకి తకనోరి స్థాపించారు. 2006లో వచ్చిన నెండోరాయిడ్ ఈ కంపెనీ తలరాతను మార్చేసింది. సుమారు 10 సెం.మీ. ఎత్తు, బొద్దుగా, పెద్ద తలతో ఉండే బొమ్మ. జపనీస్‌లో ‘నెండో’ అంటే బంకమట్టి. ప్రతి నెండోరాయిడ్ బాక్స్ మీద ఒక నంబర్ ఉంటుంది, ఆ నంబర్ ఇప్పటికే 2,000 దాటిపోయింది.

దీని కిటుకంతా ముఖంలో ఉంది. ముందువైపు జుట్టు తీసి, ముఖం పలక మార్చి, మళ్లీ జుట్టు పెట్టేయొచ్చు. నవ్వే టాంజిరో నిమిషంలో కోపంగా కత్తి పడతాడు. చాలావరకు ఒక క్యారెక్టర్ ముఖం ఇంకో క్యారెక్టర్‌కు కూడా సరిపోతుంది. టాంజిరో జుట్టు కింద నెజుకో ముఖం పెట్టి ఫోటోలు తీసే బ్యాచ్ అన్ని దేశాల్లోనూ ఉంది. రీల్స్ చేసేవాళ్లకు నా సలహా అయితే నెండోరాయిడే. చిన్న టేబుల్, ఒక లైట్ ఉంటే చాలు.

కదలిక కూడా కావాలంటే ‘ఫిగ్మా’ ఉంది. దీన్ని తయారుచేసేది మ్యాక్స్ ఫ్యాక్టరీ, అమ్మేది గుడ్ స్మైల్. 2008 జనవరిలో మొదటి ఫిగ్మా వచ్చింది. సైజులో ఫిగార్ట్స్‌కు దగ్గరే. కానీ ఫిగ్మా బాక్స్‌లో స్టాండ్ కలిపే ఇస్తారు. చిన్న చిన్న చేతులు పోకుండా దాచుకోవడానికి జిప్ కవర్ కూడా వేస్తారు. చూడ్డానికి చిన్న విషయమే. గోరంత చెయ్యి సోఫా కింద పడి, మర్నాడు ఊడుస్తుంటే చెత్తలో పోయినవాళ్లను అడిగితే దాని విలువ చెబుతారు.

అన్ని ముఖాలు, చేతులు అక్కర్లేదు, తక్కువలో మంచి స్టాచ్యూ కావాలి అనేవాళ్ల కోసం 2019లో ‘పాప్ అప్ పరేడ్’ తెచ్చారు. ఎత్తు 17 సెం.మీ. దగ్గర్లో, మొదట్లో 3,900 యెన్‌కే అమ్మారు. ఆ తర్వాత రేట్లు పెరిగాయి, అది వేరే సంగతి.

తక్కువ రేటు ఉన్నంత మాత్రాన నకిలీ కాదు

మన దేశంలో ఎక్కువగా కనిపించే ఒరిజినల్ బాక్స్ బాన్‌ప్రెస్టోది. ఇది ఒకప్పుడు విడి కంపెనీ. 2019లో బందాయ్ స్పిరిట్స్‌లో కలిసిపోయింది, పేరు మాత్రం బ్రాండ్‌గా మిగిలింది. ఇది చేసేవి ‘ప్రైజ్ ఫిగర్స్’.

జపాన్‌లో గేమింగ్ సెంటర్లకు వెళ్తే గాజు పెట్టెలో కొక్కెంతో బొమ్మను లాగే మెషీన్లు వరుసగా ఉంటాయి. మన మాల్స్‌లో టెడ్డీ బేర్‌లు ఉండే మెషీన్ లాంటివే. అందులో బహుమతిగా పెట్టడానికి తయారుచేసేవే ఈ బొమ్మలు. ఒక్కో బహుమతి విలువ సుమారు 1,000 యెన్ దాటకూడదన్నది అక్కడి నియమం. ఆ లెక్కలోనే శిల్పం, పెయింట్, బాక్స్ అన్నీ సర్దాలి. అందుకే పెద్ద సంఖ్యలో చేసి, రంగులు తగ్గించి, పోజు సింపుల్‌గా పెడతారు. దగ్గరగా చూస్తే జుట్టులో అతుకు గీత కనిపిస్తుంది, షేడింగ్ తక్కువ ఉంటుంది. కానీ అడుగు దూరం నుంచి చూస్తే పదివేల బొమ్మకూ దీనికీ తేడా పట్టడం కొత్తవాళ్లకు కష్టమే. సేగా, టైటో, ఫుర్యూ కూడా ఇదే రకం బొమ్మలు చేస్తాయి.

మొదటిసారి కొంటున్నారా? బడ్జెట్ రెండు మూడు వేలేనా? అయితే నకిలీ ఫిగార్ట్స్ వెంట పడేకంటే ఒరిజినల్ ప్రైజ్ ఫిగర్ కొనడం వంద రెట్లు నయం. పెద్ద కళ్ల అమ్మాయి బొమ్మలు కావాలంటే ‘క్యూ పాస్కెట్’, అరచేతిలో పట్టే చిన్నవి కావాలంటే ‘వరల్డ్ కలెక్టబుల్ ఫిగర్’ అని బాన్‌ప్రెస్టోలోనే సిరీస్‌లు ఉన్నాయి.

ఇదే గ్రూప్ నడిపే మరో ఆట ‘ఇచిబాన్ కుజి’. కుజి అంటే లాటరీ చీటీ. కన్వీనియన్స్ స్టోర్‌లో చీటీ కొని చింపితే ఏదో ఒక బహుమతి గ్యారెంటీ. ‘ఏ’ ప్రైజ్ వస్తే పెద్ద ఫిగర్, అదృష్టం లేకపోతే తువాలు, కీచైన్. చివరి చీటీ కొన్నవాళ్లకు ‘లాస్ట్ వన్’ అని ప్రత్యేక బహుమతి. వీటి ఫిగర్లు మామూలు ప్రైజ్ ఫిగర్ కంటే ఒక మెట్టు పైన ఉంటాయి. కానీ మన దగ్గరికి వచ్చేది రీసేల్‌లోనే. చీటీ ధరకూ మనకు చెప్పే ధరకూ పొంతన ఉండదు.

మరి పదిహేను వేల యెన్ బొమ్మలో ఏముంది?

ఆల్టర్, కొటోబుకియా లాంటి కంపెనీల స్కేల్ ఫిగర్లు 15,000 నుంచి 30,000 యెన్ వరకు, అంతకు మించి కూడా ఉంటాయి. ఒక ప్లాస్టిక్ బొమ్మకు ఇంతా? అని ఇంట్లో అమ్మానాన్న అడగడం సహజం. జవాబు తయారీలో ఉంది.

ముందు శిల్పి బొమ్మను చెక్కుతాడు. ఒకప్పుడు చేత్తో, ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్‌లో. అనిమే హక్కులున్నవాళ్లు చూసి ముక్కు ఇలా కాదు, కన్ను అలా కాదు అని దిద్దిస్తారు. తర్వాత రంగులు వేసిన నమూనా. దాన్నిబట్టి ఉక్కు అచ్చులు పోస్తారు. అసలు ఖర్చు ఇక్కడే. జుట్టు ఒక్కటే ఐదారు ముక్కలైతే ఐదారు భాగాలకు అచ్చు కావాలి. అందులో పీవీసీ, ఏబీఎస్ ప్లాస్టిక్ పోసి, ముక్కలు తీసి, కళ్లను ముద్రలా ప్రింట్ చేసి, మిగతా రంగులు స్ప్రేతో, చేత్తో వేసి అతికిస్తారు. ఎక్కువ భాగం చైనా ఫ్యాక్టరీల్లోనే జరుగుతుంది. గుడ్ స్మైల్‌కు జపాన్‌లోని కురయోషిలో కూడా ఫ్యాక్టరీ ఉంది.

కాబట్టి ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉంటే నకిలీ అనుకోకండి. ఒరిజినల్ బాక్సుల మీద కూడా అదే ఉంటుంది.

అచ్చుల ఖర్చు ముందే పెట్టాలి కాబట్టి కంపెనీలు ప్రీఆర్డర్ పద్ధతి పట్టుకున్నాయి. ఈరోజు బుక్ చేస్తే ఏడాదికి వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆల్టర్ పెయింటింగ్‌కు ఎంత పేరో, వాయిదాలకు కూడా అంతే పేరు. బర్త్‌డే గిఫ్ట్‌గా ప్లాన్ చేసి ప్రీఆర్డర్ పెట్టకండి.

మిగతావాళ్లు

కొటోబుకియా 1953లో టోక్యోలోని తచికావాలో బొమ్మల షాపుగా మొదలైంది. ‘ఆర్ట్ ఎఫ్ఎక్స్ జె’ సిరీస్‌లో అనిమే హీరోల స్టాచ్యూలు బాగుంటాయి. కాయోడో కథ ఇంకా ఆసక్తికరం. 1964లో ఒసాకా ప్రాంతంలో చిన్న మోడల్ షాపుగా మొదలై, 2006లో ‘రివోల్టెక్’ తెచ్చింది. కీలు తిప్పితే టక్ టక్ అని శబ్దం వస్తుంది, పెట్టిన పోజు జారదు. అందం కంటే కోణాలు ముఖ్యం అనుకునేవాళ్లకు ఇది పిచ్చెక్కిస్తుంది.

1992 నుంచి ‘వండర్ ఫెస్టివల్’ నిర్వహించేది కూడా కాయోడోనే. ఏడాదికి రెండుసార్లు, టోక్యో పక్కన చిబాలోని మకుహారి మెస్సేలో జరుగుతుంది. ఇక్కడ మామూలు ఫ్యాన్ కూడా తను చేసిన బొమ్మను అమ్ముకోవచ్చు. ఎలాగంటే, హక్కుదారులు ఆ ఒక్కరోజుకే లైసెన్స్ ఇస్తారు. పెద్ద కంపెనీలు కొత్త బొమ్మలు మొదట చూపించేది కూడా ఎక్కువగా అక్కడే.

ఫంకో అమెరికా కంపెనీ, 1998లో మొదలైంది. చదరపు తల, నల్ల గుండ్రటి కళ్ల ‘పాప్’ బొమ్మలు అందరికీ తెలుసు. మన మాల్స్‌లో ఈజీగా దొరుకుతాయి, నెండోరాయిడ్ కంటే చవక. కానీ ముఖం మారదు, చేతులు కదలవు, గోకూ అయినా ఐరన్ మ్యాన్ అయినా అదే చూపు. నాకైతే అనిమే క్యారెక్టర్ కళ్లు తీసేస్తే ఇక మిగిలేదేంటి అనిపిస్తుంది. నచ్చినవాళ్లకు నచ్చుతుంది.

నకిలీ పట్టుకునేది ఎలా?

అసలు పోటీ బందాయ్‌కూ గుడ్ స్మైల్‌కూ మధ్య కాదు. ఈ రెండింటికీ నకిలీకీ మధ్య. ఒరిజినల్‌ను కొని, దాని నుంచే అచ్చు తీసి, చవక ప్లాస్టిక్ పోసి, అదే ప్రమోషన్ ఫోటో పెట్టి అమ్మేస్తారు. లిస్టింగ్ ఫోటో చూసి పోల్చుకోలేకపోవడానికి కారణం అదే. అది నిజంగా ఒరిజినల్ ఫోటోనే మరి!

ముందు లెక్క వేయండి. జపాన్‌లో 7,000 యెన్ ఉన్న బొమ్మ మన డబ్బుల్లో మూడున్నర, నాలుగు వేలు. దానికి షిప్పింగ్, డ్యూటీ, అమ్మేవాడి లాభం కలపాలి. అలాంటిది 799కి ‘ఒరిజినల్ ఫిగార్ట్స్’ అని ఎవరైనా ఇస్తున్నారంటే వాళ్లు దానకర్ణులైనా అయ్యుండాలి, బొమ్మ నకిలీ అయినా అయ్యుండాలి. ఇక్కడ మర్చిపోకూడని మాట ఇంకోటి. రేటు ఎక్కువ ఉంటే ఒరిజినల్ అని కూడా కాదు. నకిలీని రెండున్నర వేలకు అమ్మేవాళ్లు ఉన్నారు, ఎక్కువ నష్టం చేసేది వాళ్లే.

సెల్లర్‌ను తన దగ్గరున్న పీస్ ఫోటోలు అడగండి. బాక్స్ అడుగు భాగం, ముఖం దగ్గరగా, పాదాల కింద. బాక్స్ మీద కంపెనీ పేరు, కాపీరైట్ లైన్ స్పష్టంగా ఉండాలి. నకిలీ బాక్సుల్లో కంపెనీ లోగో చెరిపేసి ఉంటుంది, లేదా ప్రింట్ మసకగా ఉంటుంది. డ్రాగన్ బాల్, వన్ పీస్ బాక్సుల మీద టోయి యానిమేషన్ మెరిసే స్టిక్కర్ చూడండి, పిల్లి బొమ్మ ఉంటుంది. జపాన్ బార్‌కోడ్ 45 లేదా 49తో మొదలవుతుంది. ఇవి లేకపోతే అనుమానించాలి. కానీ ఉన్నాయని గుడ్డిగా నమ్మేయకూడదు, స్టిక్కర్‌ను, బార్‌కోడ్‌ను కూడా కాపీ కొట్టేస్తున్నారు.

అన్నింటికంటే నమ్మదగ్గది ముఖమే. కళ్లు ప్రింట్ చేయడం కష్టమైన పని, నకిలీ దొరికిపోయేది అక్కడే. ఒక కన్ను పైకి, ఒకటి కిందికి. చర్మం నూనె రాసినట్టు మెరుస్తుంది. జుట్టు కొసలు మొద్దుగా ఉంటాయి. ఫోటోను కంపెనీ సైట్‌లోని ఫోటో పక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. ‘మైఫిగర్‌కలెక్షన్’ అనే సైట్‌లో ఏ ఫిగర్లకు నకిలీలు ఉన్నాయో కలెక్టర్లు గుర్తు పెట్టి ఉంచుతారు. కొనేముందు ఒకసారి అక్కడ వెతకండి. హైదరాబాద్ కామిక్ కాన్ లాంటి చోట అయితే చేత్తో పట్టుకుని చూసే వీలుంటుంది, మొహమాటం లేకుండా బాక్స్ తిప్పి చూడండి.

పార్సిల్ వచ్చాక విప్పితే ఘాటైన కిరోసిన్ లాంటి వాసన కొడితే దాన్ని పిల్లలకు ఇవ్వకండి. ఏ ప్లాస్టిక్ వాడారో, ఏ రంగు వాడారో చెప్పే నాథుడు ఉండడు. బైక్ మీద పెట్టుకోవడానికి రెండొందల బొమ్మ అని తెలిసే కొంటే అది మీ ఇష్టం. రెండు నెలల పాకెట్ మనీ పెట్టి ఒరిజినల్ అనుకుని కొన్నవాడి సంగతే వేరు. విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, రిటర్న్ అడిగేటప్పుడు అదే ఆధారం.

డ్యూటీ, ఐఎస్ఐ మార్క్ సంగతి

మన దగ్గర ధర ఎక్కువ ఉండటానికి దిగుమతి సుంకం పెద్ద కారణం. బొమ్మల మీద కస్టమ్స్ డ్యూటీని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెంచారు. జపాన్ నుంచి సొంతానికి తెప్పించుకున్నా పన్నులు పడతాయి, కాబట్టి చెకౌట్ పేజీలో కనిపించే మొత్తమే చివరి మొత్తం అనుకోవద్దు.

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. జపాన్ కలెక్టబుల్స్ బాక్సుల మీద ఎక్కువగా ‘15 ఏళ్లు దాటినవారికి’ అని ఉంటుంది. ఐఎస్ఐ మార్క్ భద్రతకు సంబంధించింది. బొమ్మ బందాయ్‌దా కాదా అన్నది అది చెప్పదు. ఆ రెండింటినీ కలపకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ఈ బొమ్మలు వాళ్లకు అందకుండా పెట్టండి. చిన్న చేతులు, కత్తులు మింగేసే సైజులో ఉంటాయి.

మన ఎండల్లో బొమ్మ నిలబడుతుందా?

ఒరిజినల్ కొన్నా ఈ సమస్య తప్పదు. పీవీసీ వేడికి మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఒంటికాలి మీద నిలబడ్డ బొమ్మ నెమ్మదిగా ముందుకు వాలిపోతుంది. కిటికీ పక్కన పెడితే ఎండకు తెల్ల రంగు పసుపెక్కుతుంది. గాలి ఆడని బాక్స్‌లో ఏళ్ల తరబడి ఉంచితే ప్లాస్టిక్‌లోంచి జిగురులాంటిది పైకి వస్తుంది. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది.

కత్తి వంగినా, కాలు వాలినా పారేయకండి. ఆ భాగం వరకు వేడినీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక చేత్తో సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే మళ్లీ గట్టిపడుతుంది. మరిగే నీళ్లు మాత్రం వద్దు. ముఖాన్ని అసలే ముంచకండి.